మిర్రర్ వాల్యూమ్ పెయిర్‌ను కమాండ్ లైన్ నుంచి తొలగించడం: హిటాచీ సీసీఐతో సమగ్ర మార్గదర్శి

రెండు వాల్యూమ్‌ల (స్టోరేజ్‌లోని డిస్కుల) మధ్య ఉన్న మిర్రర్ సంబంధాన్ని, అంటే పెయిర్‌ను, చెరిపేయడానికి ఒక్క లైను కమాండ్ చాలు. కొన్ని సెకన్లలో పని అయిపోతుంది. చిక్కల్లా ఆ కమాండ్ "నిజంగా తొలగించమంటారా?" అని అడగదు, తొలగించాక వెనక్కి తీసుకునే వీలూ ఉండదు. అందుకే ఇందులో అసలు కమాండ్‌కు కొద్ది చోటే దక్కింది. దానికి ముందు సరిచూసుకోవాల్సినవి, తర్వాత శుభ్రం చేయాల్సినవే ఎక్కువ.

ఇక్కడి వివరాలు హిటాచీ వీఎస్‌పీ తరగతి అర్రేలకూ (డిస్కులన్నీ ఉండే స్టోరేజ్ పెట్టెలకూ), వాటిని నడిపే సీసీఐ (కమాండ్ కంట్రోల్ ఇంటర్‌ఫేస్) కమాండ్లకూ చెందినవి. చాలామంది దీన్ని ఇప్పటికీ రైడ్ మేనేజర్ అనే పిలుస్తారు. వేరే కంపెనీల అర్రేల్లో ఇదే పని ఎలా చేస్తారో చివర్లో కొద్దిగా ఉంది.

కమాండ్లను పలికే తీరులో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, కమాండ్ పేరు మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలి. పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట విడిగా చెప్పాం. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, సీసీఐలో చిన్న ఎస్, పెద్ద ఎస్ ఒకటి కావు. ఉదాహరణల్లో గ్రూప్ పేరు డీబీ01, అందులోని పెయిర్ పేరు డేటా1.

ముందు తేల్చుకోవాల్సింది: స్ప్లిట్ చాలా, డిలీటే కావాలా?

స్ప్లిట్ చేస్తే కాపీ ఆగుతుంది గానీ పెయిర్ సంబంధం మిగిలే ఉంటుంది. ఆ తర్వాత రెండు వైపులా ఏ ట్రాకులు మారాయో అర్రే ఒక బిట్‌మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటుంది. రీసింక్ చేసినప్పుడు, అంటే ఆగిన కాపీని తిరిగి మొదలుపెట్టినప్పుడు, మారిన ట్రాకులే కాపీ అవుతాయి. డిలీట్ చేస్తే ఆ బిట్‌మ్యాప్ కూడా పోతుంది. మళ్లీ అదే జత కావాలంటే మొదటి ట్రాకు నుంచి చివరి ట్రాకు దాకా మొత్తం కాపీ జరగాల్సిందే. 10 టీబీ వాల్యూమ్, సెకనుకు 400 ఎంబీ నికర వేగం అనుకుంటే అది దాదాపు 7 గంటలు. అంతసేపూ ఆ డేటాకు రెండో వైపు రక్షణ ఉండదు.

పెయిర్ క్రియేట్ కమాండ్‌లో నోకాపీ అనే ఆప్షన్ ఉంది కదా, దాంతో కాపీ లేకుండానే జత కట్టొచ్చు కదా అనిపించవచ్చు. రెండు వాల్యూమ్‌లూ అక్షరాలా ఒకేలా ఉన్నాయని రూఢి అయినప్పుడే దానికి అర్థం. డిలీట్ తర్వాత పీ-వాల్ (అసలు డేటా ఉన్న వాల్యూమ్) మీద ఒక్క రైట్ పడినా ఆ హామీ పోయినట్టే. అర్రే మాత్రం అభ్యంతరం చెప్పదు, రెండూ పెయిర్ స్థితిలోనే చక్కగా కనిపిస్తాయి. తేడా బయటపడేది ఎస్-వాల్ (కాపీ ఉన్న వాల్యూమ్) అవసరమైన రోజున.

మెయింటెనెన్స్ కోసమో, టెస్టింగ్ కోసమో కాపీ ఆగితే చాలు అనుకుంటే స్ప్లిట్‌తో ఆపేయండి. వాల్యూమ్‌ను శాశ్వతంగా ఖాళీ చేస్తున్నా, అర్రే మారుస్తున్నా, ఎస్-వాల్‌ను వేరే పనికి వాడబోతున్నా అప్పుడు డిలీట్.

పెయిర్ రకాన్ని బట్టి ఎస్-వాల్‌లో ఏం మిగులుతుంది

షాడోఇమేజ్ అంటే ఒకే అర్రేలో పూర్తి కాపీ. డిలీట్ తర్వాత ఎస్-వాల్ స్వతంత్ర వాల్యూమ్‌గా, డేటాతో సహా మిగులుతుంది. కానీ పెయిర్ స్థితిలో ఉన్నప్పుడు కూడా దాని అప్‌డేట్లు ఎసింక్రనస్‌గానే, అంటే కాస్త ఆలస్యంగా, వెళ్తాయి. పెయిర్ అని కనిపిస్తోంది కదా అని నేరుగా డిలీట్ చేస్తే ఎస్-వాల్ సరిగ్గా పీ-వాల్‌లాగే ఉంటుందన్న భరోసా లేదు. ముందు స్ప్లిట్ చేసి, అది పూర్తయ్యాకే తొలగించాలి.

ట్రూకాపీలో అర్రేలు రెండు, కాపీ సింక్రనస్, అంటే ప్రతి రైటూ రెండు వైపులా పడ్డాకే పూర్తయినట్టు. యూనివర్సల్ రెప్లికేటర్‌లోనూ అర్రేలు రెండే, కానీ మధ్యలో జర్నల్ (పంపాల్సిన మార్పులను తాత్కాలికంగా దాచే చోటు) ఉంటుంది. ఇందులో కూడా స్ప్లిట్ చేసి, జర్నల్‌లోని డేటా అవతలికి చేరి రెండు వైపులా సస్పెండ్ స్థితి కనిపించేదాకా ఆగాలి.

థిన్ ఇమేజ్ వేరే బాపతు. అది స్నాప్‌షాట్. ఎస్-వాల్‌కు సొంత డేటా ఉండదు, పీ-వాల్‌తో పంచుకుంటుంది. పెయిర్ తొలగించగానే ఆ నాటి చిత్రం మాయమవుతుంది. షాడోఇమేజ్‌కు అలవాటుపడిన చేతితో థిన్ ఇమేజ్ పెయిర్‌ను తొలగించి, "కాపీ ఉంటుందిగా" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

గ్యాడ్ (గ్లోబల్-యాక్టివ్ డివైస్, రెండు అర్రేల్లోని జతను సర్వర్‌కు ఒకే డిస్కుగా చూపేది) పెయిర్‌లకు రెండు అదనపు షరతులున్నాయి. సస్పెండ్ చేయకుండా డిలీట్ చేయడం కుదరదు. ఎస్-వాల్ మీద సర్వర్ ఐఓ (చదవడం, రాయడం) ముందే ఆపాలి, ఎందుకంటే డిలీట్‌తో ఎస్-వాల్‌కు ఇచ్చిన వర్చువల్ ఎల్‌డెవ్ (అర్రేలో వాల్యూమ్‌కు ఉండే నంబర్) ఐడీ తొలగిపోతుంది. అప్పటిదాకా రెండు అర్రేల్లోని వాల్యూమ్‌లను ఒకే డిస్కుగా చూస్తున్న సర్వర్‌కు సగం పాత్‌లు ఉన్నట్టుండి పనికిరాకుండా పోతాయి.

ఇన్‌స్టెన్స్, ఎన్విరాన్‌మెంట్

ఏ కమాండ్ కొట్టే ముందైనా ఇప్పుడు ఏ హార్కమ్ ఇన్‌స్టెన్స్‌తో (సీసీఐ కమాండ్లను అర్రేకు చేరవేసే, సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్‌తో) మాట్లాడుతున్నామో తెలియాలి. ఇన్‌స్టెన్స్ 0 అయితే యూనిక్స్, లినక్స్‌లలో దాని ఫైలు ఈటీసీ డైరెక్టరీలోని హార్కమ్0 డాట్ కాన్ఫ్. హార్కమ్‌ఇన్‌స్ట్ (అంతా పెద్దక్షరాల్లో) అనే వేరియబుల్‌కు 0 అని విలువ ఇస్తే తర్వాతి కమాండ్లన్నీ ఆ ఇన్‌స్టెన్స్‌కే వెళ్తాయి.

అంతకన్నా ప్రమాదకరమైనది హెచ్‌ఓఆర్‌సీసీ_ఎంఆర్‌సీఎఫ్ వేరియబుల్, అంతా పెద్దక్షరాల్లో. దానికి 1 అని విలువ ఉంటే కమాండ్లు షాడోఇమేజ్ పెయిర్ మీద పనిచేస్తాయి, లేకపోతే ట్రూకాపీ వంటి రిమోట్ పెయిర్ మీద. ఒకే పీ-వాల్‌కు లోకల్ కాపీ, రిమోట్ కాపీ రెండూ ఉండి, కాన్ఫ్ ఫైల్లో ఎంయూ నంబర్ (ఒకే పీ-వాల్‌కున్న కాపీల్లో ఇది ఏదో చెప్పే నంబర్) 0 అని ఉంటే, అదే గ్రూప్ పేరు ఈ వేరియబుల్‌ను బట్టి రెండు వేర్వేరు పెయిర్‌లను సూచిస్తుంది. రాత్రి బ్యాకప్ కోసం పెట్టుకున్న లోకల్ కాపీని తొలగించబోయి డిజాస్టర్ రికవరీ కాపీని తొలగించడం ఇలాగే జరుగుతుంది. టెర్మినల్‌లో ఏ విలువ మిగిలిపోయిందో అన్న బెడద లేకుండా ప్రతి కమాండ్‌లోనూ రకాన్ని రాసేయడం మేలు: షాడోఇమేజ్‌కు -ఐఎం0, రిమోట్‌కు -ఐహెచ్0. ఇందులో అక్షరాలు పెద్దవి, చివరి 0 ఇన్‌స్టెన్స్ నంబర్.

తర్వాత అవతలి ఇన్‌స్టెన్స్ బతికే ఉందో లేదో చూడండి:

రైడ్‌క్యూరీ -ఆర్ డీబీ01 -ఐహెచ్0

ఇందులో అవతలి హోస్ట్ కనిపించకపోతే ముందుకు వెళ్లొద్దు. రెండు ఇన్‌స్టెన్స్‌లూ యూడీపీ మీద మాట్లాడుకుంటాయి, కాబట్టి సర్వీసెస్ ఫైల్లో రాసిన పోర్టు మధ్యలోని ఫైర్‌వాల్‌లో టీసీపీకి మాత్రమే తెరిచి ఉందేమో మొదట చూడాలి. పింగ్ వెళ్తోంది గానీ హార్కమ్ కలవట్లేదు అంటే చాలాసార్లు కారణం అదే.

తొలగించబోయేది ఇదేనా?

పెయిర్‌డిస్‌ప్లే -జి డీబీ01 -ఎఫ్‌సీఎక్స్ -ఐహెచ్0

ఎఫ్‌సీఎక్స్‌లో సీ కాపీ శాతాన్ని చూపిస్తుంది, ఎక్స్ ఎల్‌డెవ్ నంబర్లను హెక్సాలో చూపిస్తుంది. ఎక్స్ లేకపోతే అవి దశాంశంలో వస్తాయి. స్టోరేజ్ టీమ్ టికెట్‌లో "ఎల్‌డెవ్ 100" అని రాసిందనుకోండి. దశాంశమైతే అది 00:64, హెక్సా అయితే 01:00. రెండు నంబర్ల వాల్యూమ్‌లూ అర్రేలో ఉండే అవకాశమే ఎక్కువ, కాబట్టి పొరపాటును కమాండ్ పట్టుకోదు. టికెట్‌లోనే ఎల్‌డెవ్ నంబరును ఇలా రెండేసి అంకెల మధ్య కోలన్ పెట్టి రాయమని పట్టుబట్టండి.

అవుట్‌పుట్‌లో ప్రతి పెయిర్‌కూ రెండు లైన్లు ఉంటాయి. పేరు పక్కన బ్రాకెట్లో ఎల్ ఉంటే ఈ ఇన్‌స్టెన్స్ వైపు, ఆర్ ఉంటే అవతలి వైపు. ఆ రెండిటిలో పీ-వాల్ ఏది, ఎస్-వాల్ ఏది అన్నది విడిగా చూడాలి. టేకోవర్ జరిగి (రెండో సైట్ పని అందుకుని) దిశ తారుమారైన పెయిర్‌లో ఒకప్పటి ఎస్-వాల్ ఇప్పుడు పీ-వాల్. డ్రాయింగుల్లో ప్రైమరీ సైట్ అని రాసి ఉన్నంత మాత్రాన పీ-వాల్ అక్కడే ఉండాలని లేదు. సీరియల్ నంబర్, ఎల్‌డెవ్, దిశ, ఎంయూ నంబర్: ఈ నాలుగూ టికెట్‌తో సరిపోలాలి. షాడోఇమేజ్‌లో ఒక పీ-వాల్‌కు నేరుగా 3 ఎస్-వాల్‌లు ఉండొచ్చు, ఎంయూ 0, 1, 2 అని. ఎల్‌డెవ్ సరిపోయి ఎంయూ తప్పితే పోయేది వేరే కాపీ. ఆ ఎస్-వాల్‌ల కింద మళ్లీ రెండో అంచె పెయిర్‌లు ఉంటే కింది అంచె నుంచి పైకి తొలగించుకుంటూ రండి.

ఈ అవుట్‌పుట్‌ను, కాన్ఫ్ ఫైళ్లను తేదీతో కాపీ చేసి పెట్టుకోండి. తిరిగి పెయిర్ కట్టాల్సి వస్తే ఏది ఎవరితో ఉండేదో చెప్పే ఆధారం అదొక్కటే.

హోస్ట్ వైపు

ఎస్-వాల్‌లో డేటా అక్కర్లేకపోతే ఈ భాగం చిన్నది: ఎస్-వాల్‌ను ఎవరైనా మౌంట్ చేసి ఉంటే దించేయండి, చాలు. ఎస్-వాల్‌ను వాడబోతున్నట్టయితే అప్లికేషన్‌ను ఆపి గానీ, డేటాబేస్‌ను బ్యాకప్ మోడ్‌లో పెట్టి గానీ, ఫైల్ సిస్టమ్ బఫర్లు డిస్కుకు చేరాక స్ప్లిట్ చేయాలి. అర్రే కాపీ చేసేది తన దాకా వచ్చిన బ్లాకులనే, సర్వర్ మెమరీలో ఉన్నవి దానికి తెలియవు.

స్ప్లిట్, తర్వాత డిలీట్

పెయిర్‌స్ప్లిట్ -జి డీబీ01 -డి డేటా1 -ఐహెచ్0

పెయిర్‌ఈవీటీవెయిట్ -జి డీబీ01 -డి డేటా1 -ఎస్ పీఎస్‌యూఎస్ -టీ 600 -ఐహెచ్0

రెండో కమాండ్‌లో ఎస్ చిన్నక్షరం, 600 అంటే సెకన్లు. పీ-వాల్ పీఎస్‌యూఎస్‌కు, ఎస్-వాల్ ఎస్‌ఎస్‌యూఎస్‌కు వచ్చాయని పెయిర్‌డిస్‌ప్లేతో మరోసారి చూసుకోండి. స్ప్లిట్ తర్వాత కాసేపు ఆగడం ఉచితంగా దొరికే బీమా. తప్పు గ్రూప్ మీద పని చేసి ఉంటే ఆ కాసేపట్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, పెయిర్‌రీసింక్‌తో నిమిషాల్లో సర్దుకోవచ్చు. ప్రొడక్షన్‌లో అయితే ఒక రోజు ఆగినా నష్టం లేదు.

ఇక అసలు కమాండ్:

పెయిర్‌స్ప్లిట్ -జి డీబీ01 -డి డేటా1 -ఎస్ -ఐహెచ్0

ఇక్కడి ఎస్ పెద్దక్షరం. పీ-వాల్ ఉన్న వైపు ఇన్‌స్టెన్స్ నుంచే నడపండి. -డి డేటా1 అన్న ముక్క మరిచిపోతే గ్రూప్‌లోని పెయిర్‌లన్నీ పోతాయి, వాటిలో కొన్ని మాత్రమే తొలగించాలన్నది మీ మనసులోని మాట, కమాండ్‌కు తెలియదు. పాత కమాండ్లను పై బాణంతో తెచ్చుకుని సవరించే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఒక్క లైనును మాత్రం ఫైల్లో రాసుకుని, ఇంకొకరితో చదివించి, అక్కడి నుంచి పేస్ట్ చేయడం మంచిది.

కాపీ ఇంకా నడుస్తుండగా, అంటే కాపీ స్థితిలో, కూడా ఈ కమాండ్ పనిచేస్తుంది. అప్పుడు ఎస్-వాల్‌లో ఉండేది సగం కొత్త, సగం పాత డేటా. దాన్ని చెరిపేయడానికి తప్ప దేనికీ వాడకూడదు.

పని పూర్తయిందని నిర్ధారించడానికి:

పెయిర్‌వాల్‌చెక్ -జి డీబీ01 -డి డేటా1 -ఎస్‌ఎస్ -ఐహెచ్0

కమాండ్ తిరిగిచ్చే కోడ్ 11 అయితే సింప్లెక్స్, అంటే పెయిర్ లేదు. 23 అయితే పీ-వాల్ ఇంకా పెయిర్‌లోనే ఉంది, 24 అయితే స్ప్లిట్ దగ్గరే ఆగింది, 25 అయితే ఎర్రర్‌తో సస్పెండ్ అయింది. స్క్రిప్టులో రాసేవాళ్లు ఒకటి గమనించాలి: ఇక్కడ 0 విజయానికి గుర్తు కాదు. అవతలి ఇన్‌స్టెన్స్ నుంచి కూడా ఇదే అడిగి, అక్కడా 11 వస్తేనే పని అయినట్టు.

మొరాయించినప్పుడు

ఈఎక్స్‌_ఏటీటీహెచ్‌ఓఆర్, కోడ్ 251: ఇన్‌స్టెన్స్ నడవడం లేదు, లేదా హార్కమ్‌ఇన్‌స్ట్ విలువ తప్పు. హార్కమ్‌స్టార్ట్ డాట్ ఎస్‌హెచ్ 0 అని మొదలుపెట్టండి.

ఈఎక్స్‌_ఈఎన్‌ఓజీఆర్‌పీ, 239: ఆ పేరుతో గ్రూప్ లేదు. పేర్లలో చిన్న, పెద్ద అక్షరాల తేడా చూడండి. కాన్ఫ్ ఫైల్ మార్చి ఇన్‌స్టెన్స్‌ను తిరిగి మొదలుపెట్టకపోయినా ఇదే వస్తుంది, ఫైల్‌ను అది మొదలైనప్పుడే చదువుతుంది.

ఈఎక్స్‌_ఈఎన్‌క్యూవీఓఎల్, 236: గ్రూప్‌లోని పెయిర్‌లు ఒకే స్థితిలో లేవు. -డితో ఒక్కొక్కటిగా చేయండి.

ఈఎక్స్‌_సీఎండీఆర్‌జేఈ, 221: కమాండ్‌ను అర్రేయే తిరస్కరించింది. అసలు కారణం లాగ్‌లో ఎస్‌ఎస్‌బీ అని ఉన్నచోట రెండు హెక్సా కోడ్‌లుగా ఉంటుంది. సపోర్ట్‌కు పంపాల్సింది వాటినే, 221 అని చెబితే వాళ్లు ముందు అడిగేది ఆ లాగే. గ్యాడ్ పెయిర్‌ను సస్పెండ్ చేయకుండా డిలీట్ చేయబోతే తిరస్కరణ మామూలే.

ఈఎక్స్‌_ఈఎన్‌ఓఆర్‌ఎంటీ, 242: అవతలి ఇన్‌స్టెన్స్ అందుబాటులో లేదు. అవతలి సర్వర్ మాత్రమే పడిపోయి అర్రేల మధ్య లింకు బాగుంటే, పీ-వాల్ వైపు నుంచి కమాండ్‌కు -ఎల్ చేర్చి ఒంటరిగా నడపవచ్చు. లింకు కూడా లేకపోతే కథ వేరు. ఒక వైపు సింప్లెక్స్ అయిపోతుంది, రెండో వైపు అర్రే మాత్రం తనకింకా జత ఉందనే అనుకుంటుంది. ఎస్-వాల్ వైపు మిగిలిపోయిన ఆ సగాన్ని అక్కడి ఇన్‌స్టెన్స్ నుంచి ఇలా తొలగించాలి:

పెయిర్‌స్ప్లిట్ -జి డీబీ01 -డి డేటా1 -ఆర్ -ఐహెచ్0

ఇందులో ఆర్ పెద్దక్షరం. చిన్న ఆర్ అయితే అది మామూలు స్ప్లిట్, ఎస్-వాల్‌ను చదవడానికి మాత్రమే వదిలేది. పెద్ద ఆర్ బలవంతపు పద్ధతి. ప్రైమరీ సైట్ నిజంగా అందుబాటులో లేనప్పుడే వాడాలి, ఆ సైట్ తిరిగి వచ్చాక అక్కడి పీ-వాల్ స్థితిని చూసి, పెయిర్ మిగిలి ఉంటే అక్కడా తొలగించాలి.

తొలగించాక మిగిలే పనులు

సింప్లెక్స్ అయిన ఎస్-వాల్ మామూలు వాల్యూమ్, దాని మీద రైట్లు పడతాయి. లోపల మాత్రం పీ-వాల్‌లో ఉన్న గుర్తింపులే ఉన్నాయి. రెండూ ఒకే సర్వర్‌కు కనిపిస్తే గందరగోళం ఖాయం. లినక్స్ ఎల్‌వీఎంలో వాల్యూమ్ గ్రూప్ యూయూఐడీ రెండిటికీ ఒకటే, వీజీఇంపోర్ట్‌క్లోన్‌తో కొత్తది ఇవ్వాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే నోయూయూఐడీ ఆప్షన్ లేకుండా రెండోది మౌంట్ కాదు. విండోస్ డిస్క్ సిగ్నేచర్ ఢీకొందని ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో ఉంచుతుంది. ఏఐఎక్స్‌లో రీక్రియేట్‌వీజీ, వీస్ఫియర్‌లో రీసిగ్నేచర్. వీలైతే ఎస్-వాల్‌ను వేరే సర్వర్‌కే ఇవ్వండి.

ఆ తర్వాత కాన్ఫ్ ఫైళ్లు. రెండు వైపులా ఇన్‌స్టెన్స్‌ను హార్కమ్‌షట్‌డౌన్‌తో ఆపి, హార్కమ్‌_ఎల్‌డెవ్ భాగంలో ఆ పెయిర్ లైను తీసేసి, తిరిగి మొదలుపెట్టాలి. ఇన్‌స్టెన్స్ ఆగినంత మాత్రాన మిగతా పెయిర్‌ల కాపీ ఆగదు, కాపీ చేసేది అర్రే. ఆగేది కమాండ్లు ఇచ్చే వీలు మాత్రమే, కాబట్టి బ్యాకప్ స్క్రిప్టులు నడిచే వేళ కాకుండా చూసుకుంటే చాలు.

ఈ పనిని "తర్వాత చూద్దాం" అని వదిలేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. అదే అన్నిటికన్నా పెద్ద ముప్పు. పాత లైను అలాగే ఉంది, ఎస్-వాల్‌ను మరో అప్లికేషన్‌కు ఇచ్చారు, క్రాన్‌లో (నిర్ణీత వేళల్లో స్క్రిప్టులను నడిపే సాధనంలో) ఎప్పటిదో పెయిర్‌క్రియేట్ స్క్రిప్టు మిగిలి ఉంది. ఆ స్క్రిప్టు లేచిన రోజున పీ-వాల్ డేటా కొత్త అప్లికేషన్ డేటా మీద పరుచుకుంటుంది. క్రాన్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్, క్లస్టర్ సాఫ్ట్‌వేర్: మూడు చోట్లా గ్రూప్ పేరుతో వెతికి తీసేయండి.

పెయిర్ తొలగిస్తే ఎస్-వాల్ పట్టుకున్న పూల్ చోటు ఖాళీ కాదు. అందుకు వాల్యూమ్‌నే తొలగించాలి. క్రమం ఇది: సర్వర్‌లో మల్టీపాత్ డివైజ్ తీసేయడం, రైడ్‌కామ్ డిలీట్ లన్‌తో పాత్ తీసేయడం, కొన్ని రోజులు ఆగడం, అప్పుడు రైడ్‌కామ్ డిలీట్ ఎల్‌డెవ్. పాత్ తీశాక ఎవరైనా అడిగితే తిరిగి ఇవ్వొచ్చు, ఎల్‌డెవ్ పోయాక ఇవ్వలేం. రైడ్‌కామ్ మార్పులు చాలావరకు వెనకాల నడుస్తాయి, ప్రాంప్ట్ తిరిగి వచ్చిందంటే పని అయిందని కాదు. రైడ్‌కామ్ గెట్ కమాండ్‌_స్టేటస్ చూసి నిర్ధారించుకోండి. రిమోట్ పాత్‌లు, జర్నల్ వాల్యూమ్‌లు వాటిని వాడే చివరి పెయిర్ కూడా పోయాకే.

వేరే అర్రేల్లో

ఐబీఎం డీఎస్8000లో రిమోట్ పెయిర్‌కు ఆర్‌ఎంపీపీఆర్‌సీ, ఫ్లాష్‌కాపీకి ఆర్‌ఎంఫ్లాష్. ఇవి నిర్ధారణ అడుగుతాయి, -క్వయట్ ఇస్తే అడగవు. లింకు తెగిన సగం పెయిర్‌కు -అన్‌కండిషనల్ -ఏటీ టీజీటీ అని ఏ వైపు తొలగించాలో చెప్పాలి. డెల్ పవర్‌మ్యాక్స్‌లో సిమ్‌ఆర్‌డీఎఫ్ సస్పెండ్, ఆ తర్వాత డిలీట్‌పెయిర్. సగం మిగిలితే హాఫ్‌_డిలీట్‌పెయిర్. నెట్‌యాప్ స్నాప్‌మిర్రర్‌లో పని రెండు క్లస్టర్లలో పూర్తవుతుంది: డెస్టినేషన్‌లో క్వైస్, బ్రేక్, డిలీట్, ఆ తర్వాత సోర్స్‌లో రిలీజ్. ఆ రిలీజ్ మరిచిపోతే సోర్స్ వాల్యూమ్‌లో స్నాప్‌మిర్రర్ స్నాప్‌షాట్లు అలాగే ఉండిపోయి, మెల్లగా చోటు తింటూ ఉంటాయి.